పాత బుల్లెట్టు – ఆయిల్ కూలరు

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులునని మన పెద్దల సామెత. రాతి రోలే పగులునంతటి ఎండలో, తన కడుపులో నిప్పు పెట్టుకొని, ఇద్దరు మనుష్యులను వీపున మోసికొని కొండ యెక్కు యంత్రము గతి యేమి? ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రము చెప్పు సమాధానమును, అనుభవము చెప్పు సమాధానమును ఒకచోట చేర్చి పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పాత బుల్లెట్టు మోటారు సైకిలుపై మక్కువ ఇంకను తగ్గలేదు. తాతగారు కొని, తండ్రిగారు వాడి, పెరటి పాకలో వదలివేసిన బండిని మనుమడు వెలికితీసి, తుడిచి, రంగు వేయించి కళాశాలకు తెచ్చుచున్నాడు. అట్టి విద్యార్థులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి గలదు. “ఇంజను మిక్కిలి వేడెక్కుచున్నది. కొన్ని క్రొత్త బండ్లకు ఉన్నట్లే దీనికి కూడ ఆయిల్ కూలరు పెట్టించవచ్చునా?” అని వారి ప్రశ్న. ఒకప్పుడు ఇదే ప్రశ్నకు మేము తొందరపడి సమాధానము చెప్పుకొని, దాని ఫలితమును అనుభవించినవారము. కావున మా తప్పు మరియొకరికి పాఠమగునని తలచి వ్రాయుచున్నాము.

బుల్లెట్టు పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. 1955లో మద్రాస్ మోటార్స్ వారును, రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారును కలిసి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను నెలకొల్పినారు. అది మొదలు ఈ బండి మన దేశపు బండియే అయినది. 350 రకపు పాత ఇంజనులో సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు, ఘనపరిమాణము 346 ఘనపు సెంటీమీటర్లు, శక్తి సుమారు 18 అశ్వశక్తి. సిలిండరు పోత ఇనుముతో చేసినది. దాని పై తలభాగము అల్యూమినియముది. దీనికి నీటి గొట్టములు లేవు, ఫ్యాను లేదు. సిలిండరు చుట్టును ఉన్న లోహపు రెక్కలకు ఎదురుగాలి తగులుటయే దాని చల్లదనమునకు ఆధారము.

మా అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వేసవిలో మేమును, మా మిత్రుడును ఇట్టి పాత బుల్లెట్టుపై విజయనగరము నుండి గజపతినగరము, రామభద్రపురము మీదుగా సాలూరు చేరి, అచ్చటినుండి కొరాపుట్టు పోవు ఘాట్ రోడ్డు పట్టినాము. సాలూరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. అంతకు పూర్వము విజయనగరము జిల్లాలోనిదే. లారీలకు పేరుపడిన ఊరది. ఆ లారీలవారు ఘాటు మధ్యలో బండి నిలిపి ఇంజను చల్లారనిచ్చుట మేము దారిలో చూచుచునే ఉన్నాము. అయినను మా బండికి కూడ విశ్రాంతి కావలెనని మాకు తోచలేదు.

ఒక మలుపులో ఇంజను చప్పుడు మారినది. లాగుడు తగ్గినది. మరుక్షణము వెనుక చక్రము బిగిసినట్లయినది. మా మిత్రుడు వెంటనే క్లచ్ పట్టుటచేత పడకుండ నిలిచితిమి. వేడికి వ్యాకోచించిన పిస్టన్ సిలిండరును పట్టుకొన్నదన్నమాట. మిస్త్రీలు దీనినే ‘సీజ్ అయినది’ అందురు. మా వెనుకనే ఒక లారీ వచ్చుచుండెను. ఆ నాలుగు సెకన్లు ఈనాటికిని మరపునకు రావు.

తిరిగి వచ్చిన పిమ్మట మేము చేసిన మొదటి పని ఒక గ్యారేజీలో ఆయిల్ కూలరు పెట్టించుట. వేరొక బండి నుండి ఊడదీసిన కూలరును తెచ్చి, పెట్రోలుకు వాడు రబ్బరు గొట్టములను తగిలించి, పైన క్లిప్పులు బిగించినారు. చూచుటకు ఎంతో బాగున్నది. మేమును మురిసిపోయినాము. రెండవ ప్రయాణములో, ఘాటు చేరకుండగనే, ఒక గొట్టము క్లిప్పు నుండి జారినది. వేడి ఆయిలు వెనుక టైరుపై పడినది. ఈసారి బండి నిలువలేదు. మా మిత్రుని చేయి విరిగినది.

అటుపిమ్మట బండిని విజయనగరములో ఒక వృద్ధ మిస్త్రీ వద్దకు తీసికొనిపోతిమి. అందరును ఆయనను ‘ఉస్తాద్’ అనియే పిలిచెదరు. ఆయన కూలరును, గొట్టములను ఒకసారి చూచి, “జొరం ఎందుకొచ్చిందో సూడకుండా నుదుటి మీద తడిగుడ్డ ఏసినారేటి బాబూ?” అన్నారు. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన దంతయు ఆ ఒక్క మాటలోనే ఉన్నది. మిగిలినది దానికి వివరణము మాత్రమే.

వేడి ఎచ్చటికి పోవును?

ఇట్టి పాత ఇంజనులో పెట్రోలు మండుటవలన పుట్టిన శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే చక్రమును త్రిప్పు పనిగా మారును. తక్కిన మూడు వంతులు వేడియే. అందులో రమారమి సగము సైలెన్సరు గుండ వెలుపలికి పోవును. మిగిలిన సగమును సిలిండరు రెక్కలును, ఆయిలును కలిసి తీసివేయవలెను.

ఒక లెక్క చూతము. ఇద్దరు మనుష్యులతో బండి మొత్తము బరువు సుమారు 300 కిలోగ్రాములు అనుకొందము. చదునైన రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుటకు ఇంజను సుమారు ఒకటిన్నర కిలోవాట్ల శక్తి నీయవలసియుండును. అదే వేగముతో, నూరు మీటర్లకు ఆరు మీటర్లు ఎత్తు పెరుగు వాలును ఎక్కవలెనన్న సుమారు నాలుగు కిలోవాట్లు కావలెను. మన విద్యార్థులు గురుత్వ త్వరణ సూత్రముతో దీనిని స్వయముగా సరిచూచుకొనవచ్చును. అనగా ఎదురుగాలి అంతే, పని మాత్రము రెండు రెట్లకు మించినది.

చక్రమునకు నాలుగు కిలోవాట్లు అందునప్పుడు వ్యర్థమగు వేడి సుమారు పండ్రెండు కిలోవాట్లు. సైలెన్సరు వాటా పోగా ఆరు కిలోవాట్లు మిగులును. ఇంటిలో నీళ్ళు కాచుకొను ఒక కిలోవాటు హీటర్లు ఆరింటిని ఒకే సిలిండరులో పెట్టినట్లు ఊహించుకొనుడు. ముందు ఒక లారీ అడ్డుపడి, మన వేగము 15 కిలోమీటర్లకు తగ్గి, చిన్న గేరులో ఇంజను గిరగిర తిరుగుచుండినచో ఎదురుగాలియు కరవగును.

ఇరానీ హోటలులో వేడి చాయను సాసరులో పోసికొని త్రాగువారిని మనమందరము చూచినాము. చాయ అదే, పరచుకొన్న వైశాల్యము పెరిగినది. కనుక త్వరగా చల్లారును. సిలిండరు రెక్కలు చేయు పనియు అదియే. కాని గాలి ఆడని మూల గదిలో సాసరు కూడ ఏమి చేయగలదు? శ్రీకాకుళము నుండి ఇచ్ఛాపురము వరకు 16వ నంబరు జాతీయ రహదారిపై సాఫీగా పోవునప్పుడు ఏ బాధయు ఎరుగని బుల్లెట్టు, ఘాటులో అలసిపోవుటకు ఇదియే కారణము.

ఆయిలు చేయు పని

ఇంజన్ ఆయిలు రాపిడిని తగ్గించుటకు మాత్రమే అని పలువురు భావింతురు. అది రాపిడిని తగ్గించును, వేడిని మోసికొనిపోవును, పిస్టన్‌కును సిలిండరుకును నడుమ సందును మూయును, మసిని కడుగును. ఈ నాలుగు పనులును దాని చిక్కదనముపై ఆధారపడినవి. పాత బుల్లెట్టులో వాడుక అయిన ‘20 డబ్ల్యు 50’ రకపు ఆయిలు చిక్కదనము 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎంత యుండునో, 100 డిగ్రీల వద్ద అందులో సుమారు తొమ్మిదవ వంతు మాత్రమే ఉండును. 130 డిగ్రీలు దాటిన పిమ్మట ఇంకను పలుచబడి, లోహములను వేరుగా నుంచు పొర బలహీనమగును. ఆయిలు చెడిపోవు వేగము కూడ ప్రతి పది డిగ్రీలకు సుమారు రెట్టింపగునని ఇంజనీర్లు లెక్కగా చెప్పుదురు.

పోత ఇనుప బుల్లెట్టులో క్రాంకుకు, కనెక్టింగ్ రాడ్డుకు నడుమ ‘బిగ్ ఎండ్’ వద్ద ఉన్నది సాదా బుష్షు బేరింగు. గుండ్లు గాని, రోలర్లు గాని లేని ఈ బేరింగుకు ఆయిలు పొరయే ప్రాణము. ఆయిలు ట్యాంకు ఇంజను పోతలోనే వెనుక భాగమున ఉన్నది. పంపులు రెండు. ఒకటి ట్యాంకు నుండి ఆయిలును పనిచోటునకు పంపును, రెండవది క్రిందికి జారిన ఆయిలును తిరిగి ట్యాంకునకు చేర్చును. వెలుపల కనిపించు సన్నని గొట్టముల ద్వారా తలభాగములోని రాకర్లకు ఆయిలు చేరును.

కాని ఆయిలు మరీ చల్లగా నుండుటయు మంచిది కాదు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుట్టి, అందులో కొంత ఆయిలులో చేరును. ఆయిలు బాగుగా వేడెక్కినప్పుడే ఆ నీరు ఆవిరియై పోవును. ఊరిలోనే రెండు మైళ్ళు తిరుగు బండికి పెద్ద కూలరు పెట్టినచో నీరు నిలిచి, ఆయిలు మజ్జిగవలె తెల్లబడి, బురద కట్టును. కావున 90 నుండి 110 డిగ్రీల వరకు ఆయిలుకు హితమైన వేడి యని తెలిసికొనవలెను.

కూలరు ఎంత వేడిని తీయగలదు?

కూలరు ఒక చిన్న రేడియేటరు. ఆయిలు దాని సన్నని మార్గముల గుండ పోవునప్పుడు గాలికి తన వేడిని ఇచ్చివేయును. అది తీయగల వేడి దాని పరిమాణముపై మాత్రమే గాక, అందులో పారు ఆయిలు పరిమాణముపై కూడ ఆధారపడును. నిమిషమునకు ఒక లీటరు ఆయిలు కూలరులో పారి 20 డిగ్రీలు చల్లబడినదనుకొందము. లీటరు ఆయిలు బరువు సుమారు 0.87 కిలోగ్రాము, దాని విశిష్టోష్ణము సుమారు 2 కిలోజౌళ్ళు. గుణించి 60 సెకన్లచే భాగించిన వచ్చునది సుమారు 0.6 కిలోవాటు. ఆరు హీటర్లలో అర హీటరు కంటె కొంచెము ఎక్కువ!

దీనిని బట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, కూలరు ఆయిలును కాపాడునే గాని సిలిండరును గాని, తలభాగమును గాని అంతగా చల్లార్చజాలదు. ఆయిలుకు మాత్రము ఆ అర కిలోవాటు తక్కువ మేలు కాదు. రెండవది, పంపు అరిగి ఆయిలు సరిగా పారని ఇంజనుకు ఎంత పెద్ద కూలరు పెట్టినను ప్రయోజనము లేదు. కావున పంపు మరమ్మత్తు ముందు, కూలరు తరువాత.

ఫ్యాక్టరీలో పుట్టుకతోనే కూలరు గల ఇంజనుల సంగతి వేరు. 1985లో వచ్చిన సుజుకి జి.ఎస్.ఎక్స్.ఆర్. 750లో తలభాగమునకు విస్తారముగా ఆయిలు పంపి చల్లార్చు ఏర్పాటు చేసినారు. మన దేశములో 2016లో వెలువడిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కును, 2018లో వచ్చిన 650 జంట సిలిండర్ల బండ్లకును ఆయిల్ కూలరు గలదు. వాని పంపులు, మార్గములు అన్నియు కూలరును లెక్కలో ఉంచుకొనియే రూపొందించినవి. పాత బుల్లెట్టు అట్లు పుట్టలేదు. పరుల అంగీ మనకు తొడిగినప్పుడు కొలతలు చూచుకొనవలసినది మనమే.

ముందుగా చూడవలసినవి

ఉస్తాద్ గారు మా బండిలో కనుగొన్న దోషములు ఇవి. ఇగ్నిషన్ టైమింగు వెనుకబడినది. నిప్పురవ్వ ఆలస్యముగా పడుటవలన మంట పిస్టన్‌ను నెట్టు పని చాలించి, సైలెన్సరు గొట్టమును కాల్చుచుండెను. ఆ గొట్టము తలవద్ద నీలము తిరిగియుండుటయే అందుకు గుర్తు. కార్బురేటరు వద్ద రబ్బరు పగిలి అదనపు గాలి లోపలికి పోవుచుండెను. పెట్రోలు పాలు తగ్గిన మిశ్రమము మరింత వేడిని పుట్టించును. ప్లగ్గు కొన తెల్లబడియుండుట చూపి ఆయన ఆ సంగతి చెప్పినారు. సిలిండరు రెక్కల నడుమ ఎండిన బురద పేరుకొని, దానిపై దట్టముగా రంగు పూసియుండెను. ఫెల్ట్ ఫిల్టరు మూసికొనిపోయినది. ఆయిలు మార్చి ఎంతకాలమైనదో మాకే జ్ఞాపకము లేదు. వెనుక బ్రేకు కొంచెము పట్టియే ఉండుటచేత ఇంజను చదునులో కూడ కొండ యెక్కుచున్నట్లే శ్రమపడుచుండెను.

ఈ ఆరింటిలో ఏ ఒక్కదానిని కూలరు బాగుచేయలేదు. ఆరింటిని సరిచేయుటకైన ఖర్చు మేము కూలరుకు పెట్టినదానికంటె తక్కువ. సరిచేసిన పిమ్మట కూలరు లేకుండగనే ఆ బండి అదే ఘాటును, నడుమ రెండుచోట్ల విశ్రాంతి తీసికొని, సుఖముగా ఎక్కినది.

అమర్చదలచినచో

దోషములన్నియు తీరిన తరువాత కూడ, వేసవిలో బరువుతో తరచుగా ఘాట్లు ఎక్కువారికిని, రహదారిపై గంటల కొలది వేగముగా పోవువారికిని కూలరు ఉపకరించును. అట్టివారు ముందు ఆయిలు వేడిని కొలువవలెను. ఆయిలు మూతలో అమర్చు ఉష్ణమాపకములు దొరకుచున్నవి. దీర్ఘప్రయాణములో వేడి 120 డిగ్రీలు దాటనిచో కూలరు అక్కరలేదు.

బిగ్ ఎండ్‌కు పోవు ఆయిలు మార్గమును ఎన్నడును కోయరాదు. ఆ మార్గములో గొట్టము మూసికొన్నను, ఊడినను నిమిషములలో బేరింగు నశించును. తిరుగు మార్గములో గాని, రాకర్ల మార్గములో గాని కూలరు పెట్టుట మేలు. రాకర్ల మార్గమైనచో, పని ముగిసిన పిమ్మట ఇంజను నడచుచుండగా తలవద్దనున్న బాంజో బోల్టును కొంచెము వదులుచేసి ఆయిలు ఊరుచున్నదో లేదో చూడవలెను. ఊరనిచో వెంటనే ఇంజను ఆపవలెను.

గొట్టములు వేడి ఆయిలుకై తయారైనవిగా, కొనలు యంత్రముతో నొక్కి బిగించినవిగా ఉండవలెను. పెట్రోలు గొట్టము ఈ వేడికిని ఒత్తిడికిని తగినది కాదు. దాని ఫలితము మా మిత్రుని చేతికి తెలియును. గొట్టము సైలెన్సరును తాకరాదు. హ్యాండిలు త్రిప్పినప్పుడు లాగుకొనరాదు. కూలరును ఫ్రేముకు రబ్బరు వాషర్లతో బిగింపవలెను. లేనిచో బుల్లెట్టు అదురుకు దాని అతుకులు పగులును. సుమారు 80 డిగ్రీల వద్ద తెరచుకొను థర్మోస్టాటు ఉండుట అవసరము. అప్పుడు ఉదయపు చలిలో ఆయిలు కూలరులోనికి పోక త్వరగా వేడెక్కును.

కూలరును పెట్టు చోటు విషయములో వోక్స్‌వాగన్ బీటిల్ కారు చరిత్ర మనకు గొప్ప పాఠము. గాలితోనే చల్లారు ఆ ఇంజనులో ఆయిల్ కూలరును ఫ్యాను గాలి మార్గములోనే నిలిపినారు. దాని వెనుకనున్న మూడవ సిలిండరుకు అప్పటికే వేడెక్కిన గాలి చేరుటవలన ఆ సిలిండరుకే బాధ ఎక్కువగా కలుగుచుండెను. 1971 నమూనా నుండి కూలరును ప్రక్కకు జరిపి దానికి వేరే గాలిదారి కల్పించినారు. కావున బుల్లెట్టుకు కూడ సిలిండరు ముఖమునకు అడ్డముగా కూలరును వ్రేలాడదీయరాదు. ఆయిలును చల్లార్చబోయి సిలిండరుకు ఊపిరి ఆడకుండ చేసినట్లగును. కూలరు పెద్దదైనకొలది మేలను భ్రమయు విడువవలెను.

పని పూర్తియైన పిమ్మట గొట్టములలోను, కూలరులోను నిండిన మేరకు ఆయిలు అదనముగా పోయవలెను. మొదట ఊరిలోనే పది కిలోమీటర్లు నడిపి, దిగి, ప్రతి అతుకును వ్రేలితో తడిమి చూడవలెను. తడి కనిపించినచో ఆనాడు ప్రయాణము మానుట ఉత్తమము.

ముగింపు

‘ఉస్తాద్’ అను మాటకు గురువని అర్థము. సంగీత విద్వాంసునికిని, పాఠశాల గురువుకును, మోటారు మిస్త్రీకిని ఉర్దూ భాష ఒకే గౌరవపదమును ఇచ్చినది. మన విద్యార్థులలో కొందరి తండ్రులు, మేనమామలు ఈ పనిచేయువారే. సెలవు దినములలో కొందరు విద్యార్థులు స్వయముగా గ్యారేజీలలో శిష్యులుగా పనిచేయుచున్నారు. వారు నేర్చినది తరగతిలోని ఉష్ణగతిశాస్త్రమునకు వేరైనది కాదు. తరగతిలో ‘విశిష్టోష్ణము’ అని వ్రాసికొన్నదానినే సాయంకాలము వేడి ఇంజను వద్ద చేతితో తెలిసికొనుచున్నారు. ఆ రెండింటికిని నడుమ గోడ ఉన్నదని తలచినందుననే మేము కూలరు పెట్టించి చేయి విరుగగొట్టుకొంటిమి.

కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒకటి గలదు. పనికిరాని పాత ఇంజను నొకదానిని కొని, ముక్కలుగా విప్పి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచుడు. సంవత్సరమునకు ఒకమారు ఒక ఉస్తాద్‌ను పిలిచి, కుర్చీ వేసి, విద్యార్థుల ఎదుట మాటలాడించుడు. ఆయన చెప్పినది తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించి భద్రపరచుడు. ఈ పోత ఇనుప ఇంజనుల తయారీ సుమారు 2010 నాటికి ముగిసినది. వానిని చెవితో విని రోగము చెప్పగల పెద్దలు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారి విద్య వారితోనే పోయినచో పాత బండ్లు మిగులును గాని వానిని ఎరిగినవారు మిగులరు.

విద్యార్థులకు చెప్పునది ఒక్కటే. బండి వేడెక్కినప్పుడు దుకాణమునకు పరుగెత్తుటకు ముందు నీడన నిలిపి, అది ఎందువలన వేడెక్కినదో అడుగుడు. కారణము తెలిసిన పిమ్మట మందు చాల సార్లు చిన్నదిగనే ఉండును.